జూదం ఎంతమందికి అలవాటో లెక్కతీయడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. సోషల్ వర్క్‌లో పీజీ చేస్తున్నారు. హైదరాబాద్‌తో మొదలుపెట్టి, వీలైతే దేశమంతటికీ విస్తరించేలా జూదం అలవాట్ల మీద, జూద వ్యసనం మీద సర్వే చేయాలనుకుంటున్నారు. గూగుల్ ఫారం ఒకటి తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే వెయ్యి మంది దొరుకుతారు, ఆ జవాబులతో ‘తెలంగాణలో ఇంత శాతం మందికి జూదం వ్యసనం’ అని రాయొచ్చా అని మీ ప్రశ్న.

రాయకూడదు. మద్యం, పొగాకు, అప్పులు వంటి విషయాల మీద చాలా ఏళ్లుగా ఇంటింటి సర్వేలు చేయిస్తున్నాను. వాటన్నిటికంటే జూదం కష్టం. తాగేవాడి సంగతి ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఫోన్‌లో ఆడేవాడి సంగతి అప్పులవాళ్లు గుమ్మం ముందుకొచ్చేదాకా పక్కన పడుకునే భార్యకు కూడా తెలియదు.

ముందు బ్రిటన్ సంగతి చూడండి. అక్కడ 1999, 2007, 2010లో జూదం కోసమే ప్రత్యేకంగా జాతీయ సర్వేలు జరిగాయి. సర్వేవాళ్లు ఇళ్లకు వెళ్లి అడిగారు. సమస్య స్థాయికి చేరినవాళ్లు మూడుసార్లూ ఒక శాతం లోపే తేలారు. ఆ తర్వాత ఇవే ప్రశ్నలను ఆరోగ్య సర్వేలో కలిపారు. 2021లో ఇంగ్లండ్‌లో వచ్చిన అంకె 0.3 శాతం. 2023లో అక్కడ జూదాన్ని నియంత్రించే గాంబ్లింగ్ కమిషన్ పద్ధతి మార్చింది. ఇంటి చిరునామాకు ఉత్తరం పంపి, వీలైతే ఆన్‌లైన్‌లో, లేదంటే కాగితం మీద నింపి పంపమంది. సమస్యను కొలిచింది మాత్రం అదే తొమ్మిది ప్రశ్నల స్కేలుతో. అంకె మాత్రం 2.5 శాతం!

రెండేళ్లలో జూదగాళ్లు ఎనిమిది రెట్లు పెరగరు కదా. ఇక్కడ రెండు కారణాలు కలిసి పనిచేసి ఉంటాయి. ఎదురుగా మనిషి లేకపోతే జనం కాస్త నిజం చెబుతారు, అది మంచిదే. రెండోది, ‘జూదం మీద సర్వే’ అని ఉత్తరం వస్తే ఆడేవాళ్లు ఆసక్తిగా నింపుతారు, ఆడనివాళ్లు చెత్తబుట్టలో వేస్తారు. ఏ కారణం వాటా ఎంతన్నదే అక్కడి నిపుణుల మధ్య వాదన. పాత అంకెలతో కొత్తవాటిని పోల్చవద్దని కమిషనే చెప్పింది. మీ గూగుల్ ఫారంలో ఈ రెండో లోపం ఇంకా ఎక్కువగా ఉంటుంది. అక్కడ కనీసం చిరునామాల జాబితా నుంచి లాటరీ పద్ధతిలో ఇళ్లు ఎంచారు. మీ ఫారం మాత్రం మీ స్నేహితుల స్నేహితుల దగ్గరికే వెళ్తుంది.

మన దేశానికి వస్తే, బ్రిటన్‌లా జూదం కోసమే వరుసగా జరిగే జాతీయ సర్వే లేదు. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 12 రాష్ట్రాలున్నాయి, రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్కటీ లేదు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు తెచ్చినప్పుడు 45 కోట్ల మంది ఏడాదికి దాదాపు 20 వేల కోట్ల రూపాయలు పోగొట్టుకుంటున్నారన్న ప్రభుత్వ అంచనా పత్రికలన్నిటిలో వచ్చింది. భాగించి చూడండి, మనిషికి ఏడాదికి 444 రూపాయలు. నెలకు రెండు టీల ఖర్చు. ఆ సగటు చూసి ఇందులో సమస్య ఏముందనిపిస్తుంది. అసలు విషయం ఏమిటంటే జూదంలో నష్టం అందరికీ సమానంగా పడదు. ఎక్కువమంది వంద, రెండొందలు పోగొట్టుకుని ఊరుకుంటారు, కొద్దిమంది లక్షలు పోగొట్టుకుంటారు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ 2010 నివేదికలో, జూదం యంత్రాల మీద జనం పెట్టే ఖర్చులో దాదాపు 40 శాతం సమస్య ఉన్న కొద్దిమంది నుంచే వస్తోందని అంచనా వేసింది. కాబట్టి ‘ఎంత శాతం మంది’ అనే ప్రశ్న కంటే ‘ఎవరి డబ్బు, ఎంత, ఎవరి మీద దెబ్బ’ అనే ప్రశ్న నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. మీ సర్వేకి కూడా అదే పునాదిగా పెట్టుకోండి.

ఇక ప్రశ్నలు. ‘మీరు జూదం ఆడతారా?’ అని ఒక్క ప్రశ్న వేస్తే సగం మంది లేదంటారు, వాళ్ల దృష్టిలో అది అబద్ధం కూడా కాదు. మలక్‌పేట రేసులకు వెళ్లే పెద్దాయన అది గుర్రాల పరిజ్ఞానం అంటాడు. దీపావళి రాత్రి చుట్టాలతో మూడు ముక్కలాట ఆడినవాళ్లు అది పండగ సరదా అంటారు. సంక్రాంతికి భీమవరం వెళ్లి కోడి మీద యాభై వేలు పెట్టినవాడు అది మా ఊరి ఆచారం అంటాడు. కిట్టీ పార్టీలో తంబోలా ఆడే ఆవిడకైతే ఈ ప్రశ్న తనకు సంబంధించిందని తోచనే తోచదు. అందుకని ఒక్కో ఆటనీ విడివిడిగా అడగాలి: పేకాట (రమ్మీ, మూడు ముక్కలాట, అందర్ బాహర్ వేర్వేరుగా), గుర్రప్పందేలు, క్రికెట్ బెట్టింగ్ (బుకీ ద్వారా, బెట్టింగ్ సైట్‌లోకి వెళ్లే లాగిన్ ఐడీ ద్వారా, స్నేహితుల మధ్య), మట్కా, బయటి రాష్ట్రాల లాటరీలు, కోడి పందేలు, గుండాట, ఆన్‌లైన్ రమ్మీ, ఫాంటసీ క్రికెట్, రంగు చెప్పే యాప్‌లు, గోవాకి వెళ్లి ఆడిన కాసినో. ప్రతిదానికీ గత 12 నెలల్లో ఆడారా, ఎన్నాళ్లకోసారి అని. చివర్లో ‘ఇవి కాక డబ్బు పెట్టి ఆడినవేమైనా?’ అని ఖాళీ వదలండి. మనకు తెలియని కొత్త యాప్‌ల పేర్లు ఆ ఖాళీలోనే దొరుకుతాయి.

చట్టం చెప్పే గీతలను మీ ప్రశ్నల్లోకి తీసుకురావద్దు. రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు చెప్పిన 1968 నాటి ప్రసిద్ధమైన కేసు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు చేసిన దాడితో మొదలైందే. గుర్రప్పందేలూ అంతేనని 1996లో ఇంకో తీర్పు వచ్చింది. రాజ్యాంగం ప్రకారం పందేలు, జూదం రాష్ట్రాల జాబితాలోవి. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీతో సహా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. 2025లో కేంద్రం దేశమంతటా నిషేధించింది. వకీళ్లకు ఇదంతా కావాలి. ఇంటి అద్దె డబ్బు పోగొట్టుకున్నవాడికి అది నైపుణ్యంతో పోయిందా, అదృష్టంతో పోయిందా అన్న తేడా ఉండదు. పైగా నిషేధం తర్వాత ఆట ఆగిపోయిందా, విదేశీ సైట్లకూ టెలిగ్రామ్ గ్రూపులకూ మళ్లిందా అన్నది చట్టం కళ్లతో చూస్తే అసలు కనిపించదు.

స్కేలు విషయం, అంటే జూద సమస్యను కొలిచే ప్రశ్నల పట్టిక. సౌత్ ఓక్స్ స్క్రీన్ 1987 నాటిది, 20 అంశాలు. ఆసుపత్రిలో చికిత్సకు వచ్చినవాళ్ల కోసం తయారైంది కాబట్టి మామూలు జనం మీద వాడితే సమస్య లేనివాళ్లను కూడా పట్టేస్తుంది. అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో తొమ్మిది లక్షణాల్లో నాలుగు ఉంటే జూద వ్యాధి అంటారు, అది డాక్టరు నిర్ధారణ కోసం. జనాభా సర్వేకి నేను పీజీఎస్ఐ (ప్రాబ్లం గాంబ్లింగ్ సివియారిటీ ఇండెక్స్) వాడమంటాను, బ్రిటన్ సంగతిలో చెప్పిన స్కేలు ఇదే. 2001లో కెనడాలో తయారైంది, తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. ఎనిమిది, ఆపైన వస్తే సమస్య ఉన్నట్టు. 3 నుంచి 7 మధ్యస్థం, 1-2 తక్కువ ప్రమాదం.

ఇక్కడొక జాగ్రత్త. ఆ తొమ్మిదిలో ‘ఆడినందుకు తప్పు చేశాననిపించిందా’, ‘ఎవరైనా తిట్టారా’ అన్నవి కూడా ఉన్నాయి. మన ఇళ్లలో పండగ రోజు ఒక్కసారి ముక్కలు పట్టినా అమ్మ తిడుతుంది, మనసులో ఎక్కడో తప్పనీ అనిపిస్తుంది. ఇదిగో, రెండు మార్కులు వచ్చేశాయి! అందుకే 1-2 వచ్చినవాళ్లను ఎనిమిది దాటినవాళ్లతో కలిపి ఒకే అంకెగా రాయకండి. వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2024 నివేదికలోనే ఏదో ఒక స్థాయి ప్రమాదం ఉన్నవాళ్లు ప్రపంచంలో దాదాపు 45 కోట్లు, వ్యాధి స్థాయికి చేరినవాళ్లు దాదాపు 8 కోట్లు అని విడివిడిగా ఉంది. హెడ్‌లైన్ రాసేవాళ్లకు మొదటి అంకే నచ్చుతుంది. మీరు రెండూ ఇవ్వండి, పక్కపక్కనే.

డబ్బు ప్రశ్న అన్నిటికంటే మొండిది. ‘నెలకెంత ఖర్చు పెడతారు?’ అంటే ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీసుకుంటారు. ఒకడు యాప్‌లో వెయ్యి వేశాడు, గెలుస్తూ ఓడుతూ మొత్తం ఐదు వేల పందేలు కాశాడు, చివరికి రెండొందలు వెనక్కి తీసుకున్నాడు. ఇప్పుడు జవాబు వెయ్యా, ఐదు వేలా, ఎనిమిది వందలా? నిన్న ఒకసారి గెలిచి ఉంటే ‘నాకు లాభమే’ అని సున్నా చెప్పేవాళ్లూ ఉన్నారు. ఒకే ప్రశ్నను పన్నెండు రకాలుగా అడిగి చూసిన కెనడా పరిశోధకులు 2007లోనే జవాబులు ఎంత మారిపోతాయో చూపించారు. నా పద్ధతి రెండు ప్రశ్నలు: గత 30 రోజుల్లో మీ జేబులోంచి, ఖాతాలోంచి మొత్తం ఎంత వేశారు? ఎంత వెనక్కి వచ్చింది? తీసివేత మనం చేసుకుంటాం. ఒప్పుకుంటే వాళ్ల ఫోన్‌లో వాళ్లనే యూపీఐ చరిత్ర తెరిచి చూసుకుని మొత్తం మాత్రమే చెప్పమనండి, మీరు తొంగిచూడొద్దు. ఆ సైట్లకు పంపిన డబ్బు ఎవరెవరివో ఊరూపేరూ లేని ఖాతాల పేర్లతో ఉంటుంది కాబట్టి వాళ్లకే కాస్త టైం పడుతుంది, తొందర పెట్టకండి. చాలామంది ఆ మొత్తం చూసి మొదటిసారి అదిరిపడతారు.

అప్పుల భాగం తప్పకుండా పెట్టండి. లోన్ యాప్, డైలీ ఫైనాన్స్, స్నేహితుల చేబదులు, భార్య బంగారం కుదువ, చిట్టీ ముందే పాడుకోవడం. జూదం ప్రశ్నలకు లేదన్నవాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు.

శాంపిల్ ఎంత అన్నారు. అసలు రేటు ఒక శాతం అనుకుందాం. వెయ్యి మందిని అడిగితే పది మంది దొరుకుతారు. ఆ పది మందితో మీరు చెప్పగలిగింది ‘అర శాతానికీ రెండు శాతానికీ మధ్య ఎక్కడో’ అని, అంతే. జిల్లాలవారీగా, మగా ఆడా విడదీసి టేబుల్ వేస్తే ఒక్కో గడిలో ఒకరో ఇద్దరో మిగులుతారు. పావు శాతం తేడాతో కచ్చితంగా చెప్పాలంటే దాదాపు ఆరు వేల మంది కావాలి. ఒక్కో బస్తీలో ఇరవై ఇళ్లు చొప్పున గుంపులుగా తీసుకుంటే పక్కపక్క ఇళ్లవాళ్లు ఒకేలా ఉంటారు కాబట్టి అది రెట్టింపై పన్నెండు వేలకు చేరొచ్చు. దేశం మొత్తానికి, రాష్ట్రాలవారీగా అంటే పీజీ డిసర్టేషన్ పని కాదు.

ఇప్పుడు హైదరాబాద్ ఫీల్డ్ గురించి, ఇది పుస్తకాల్లో దొరకదు. ఇళ్ల జాబితా నుంచి శాంపిల్ తీస్తే మీరు వెతుకుతున్నవాళ్లే జారిపోతారు. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ హాస్టళ్లలో ఉండే కుర్రాళ్లు, మాదాపూర్, గచ్చిబౌలి పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో ఉండే ఉద్యోగులు, సైట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉండే వలస కూలీలు, వీళ్లెవరూ ‘కుటుంబం’ లెక్కలోకి రారు. చేతిలో ఫోన్, నెలకింత డబ్బు, అడిగే పెద్దవాళ్లు పక్కన లేరు: క్రికెట్ ఐడీలు అమ్మేవాళ్లకు కావలసింది సరిగ్గా వీళ్లే. వీళ్లకు వేరే జాబితా తయారుచేసుకోవాలి, వేరే శాంపిల్ తీయాలి. గేటెడ్ కమ్యూనిటీల్లో వాచ్‌మన్ దాటనివ్వడు. అసోసియేషన్ ప్రెసిడెంట్‌కు ముందే లెటర్ ఇచ్చినా సగం చోట్ల తలుపు తీయరు. అలా వదిలేసిన ఇళ్ల లెక్క రాసిపెట్టుకోండి, ‘దొరకలేదు’ అనేది కూడా డేటానే.

బస్తీల్లో సమస్య దీనికి తిరగేసి. తలుపులు తెరిచే ఉంటాయి, కానీ మీరు కూర్చోగానే అత్త, మరిది, పక్కింటావిడ చుట్టూ చేరతారు. వాళ్ల ముందు ఏ మగాడూ ‘నేను మట్కా కడతాను’ అనడు. ట్యాబ్, ఇయర్‌ఫోన్స్ ఇచ్చి, తెలుగులో, ఉర్దూలో రికార్డు చేసిన ప్రశ్నలు వినిపించి, జవాబు వాళ్లే నొక్కేలా పెట్టండి. చదువు రానివాళ్లకూ పనికొస్తుంది, పక్కవాళ్లకు ప్రశ్న వినబడదు. ఇంట్లో ఎవరిని అడగాలో మీరు ఎంచుకోవద్దు, పుట్టినరోజు దగ్గర్లో ఉన్న పెద్దవాళ్లు ఎవరైతే వాళ్లు. లేకపోతే పగలు ఇంట్లో ఉండే ఆడవాళ్లు, రిటైరైనవాళ్లతోనే మీ శాంపిల్ నిండిపోతుంది. మగవాళ్ల కోసం ఆదివారం పొద్దున్నే వెళ్లాలి.

మరీ సున్నితమైన ఒక్క ప్రశ్నకి నాణెం పద్ధతి వాడొచ్చు, 1965లో వార్నర్ అనే ఆయన మొదలుపెట్టిన ఆలోచనకి ఇదొక రూపం. జవాబిచ్చేవాడు ఎవరికీ చూపించకుండా నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే నిజం ఏదైనా సరే ‘అవును’ అనాలి, బొరుసు పడితే నిజం చెప్పాలి. 400 మందిలో 240 అవునన్నారనుకోండి. 200 మంది బొమ్మ వల్ల అన్నవాళ్లు. మిగతా 200 మందిలో 40, అంటే 20 శాతం. ఎవరు నిజంగా అవునన్నారో మీకూ తెలియదు, పోలీసులకూ తెలియదు. ‘ఆట కోసం ఇంట్లో డబ్బు దొంగతనం చేశారా’ లాంటి వాటికి ఇది బాగుంటుంది. తొమ్మిది ప్రశ్నల స్కేలు మొత్తానికి పనికిరాదు, మనిషివారీ స్కోరు రాదు కదా. ఒకటి మాత్రం నిజం, పందెం రాయుళ్లు ఈ భాగాన్ని భలే ఉత్సాహంగా చేస్తారు.

ఆడేవాళ్లనే కాదు, ఇంట్లోవాళ్లనూ అడగండి. సమస్య ఉన్న ఒక్కో జూదగాడి వల్ల సుమారు ఆరుగురు ఇబ్బంది పడతారని 2017లో ఒక ఆస్ట్రేలియా అధ్యయనం తేల్చింది. ‘మీ ఇంట్లో ఎవరైనా డబ్బు పెట్టి ఆడి మీకు ఇబ్బంది కలిగించారా?’ అన్న ప్రశ్నకి భార్యలు, అక్కలు, తల్లులు ఇచ్చే జవాబు ఆడేవాడి జవాబుకంటే నమ్మదగ్గదని నా అభిప్రాయం. కానీ ఒకే ఇంట్లో ఒకరి మాట ఇంకొకరికి చేరితే గొడవలవుతాయి. ఒక ఇంటి నుంచి ఒక్కరినే అడగండి.

పోలీసు కేసుల లెక్క వాడొచ్చా అని కూడా అడిగారు. అవి దాడులు ఎన్ని జరిగాయో చెబుతాయి, ఆట ఎంత జరిగిందో చెప్పవు. శివారు ఫాంహౌస్ మీద దాడి చేసి పట్టుకున్నది కేసవుతుంది. హాస్టల్ మంచం మీద రాత్రి రెండింటికి రంగు చెప్పే యాప్ ఆడినవాడు ఏ రికార్డులోకీ రాడు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై సినీ నటుల మీద, యూట్యూబర్ల మీద ఇక్కడ కేసులు పెట్టారు. ఆ నెల కేసులు పెరిగాయని ఆట పెరిగిందనగలమా? బ్రిటన్‌లో 2021లో ఒక బ్యాంకుకు చెందిన 65 లక్షల ఖాతాల వరకు, పేర్లు తీసేసి పరిశోధకులు చూశారు. అలాంటి డేటా మన దగ్గర విద్యార్థుల చేతికి రాదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. 2025 కేంద్ర చట్టంలో ఆడేవాళ్లకు శిక్ష లేదు, నడిపేవాళ్లకు, ప్రచారం చేసేవాళ్లకు ఉంది. కానీ 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టం కింద పేకాట స్థావరంలో దొరికినవాళ్ల మీద కేసవుతుంది. మీ దగ్గరున్న కాగితాలు పోలీసులు అడిగితే ఇవ్వనని చెప్పే చట్టరక్షణ మీకు లేదు. అందుకని పేరు, ఫోన్ నంబర్, బుకీ వివరాలు అసలు రాసుకోనే వద్దు. సర్వే మధ్యలో ఎవరైనా చచ్చిపోవాలనిపిస్తోందంటే ప్రశ్నలు అక్కడే ఆపి ఏం చేయాలో మీ టీంకు ముందే నేర్పండి: ఒంటరిగా వదలకూడదు, అక్కడే కూర్చుని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ కలిపించాలి, అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య కేంద్రం ఓపీ వేళలు తెలుసుకుని చీటీ మీద ముద్రించి అందరికీ ఇవ్వండి, ఆడనివాళ్లకు కూడా. అప్పుడు ఎవరికి ఎందుకిచ్చారో పక్కవాళ్లకు అర్థం కాదు. ఇంకొకటి, ఏదైనా గేమింగ్ కంపెనీ ఖర్చులు భరిస్తానంటే వద్దనండి. ఫలితం ఎంత నిజాయితీగా తేలినా ఎవరూ నమ్మరు.

మీ చేతిలో ఉన్న టైముకు నా సలహా: దేశం, రాష్ట్రం వదిలేయండి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ పరిధిలో హాస్టళ్ల జాబితా మీరే నడిచి తయారుచేయండి, అందులోంచి లాటరీ తీసి ముప్పై హాస్టళ్లు ఎంచుకోండి, ఒక్కోదాంట్లో రూముల జాబితా నుంచి పదిహేను మంది. దాదాపు 450 మంది అవుతారు. కేరళలో ఎర్నాకుళం కాలేజీల మీద 2016లో వెలువడిన అధ్యయనం దాదాపు ఐదున్నర వేల మందితో జరిగింది, ఐదో వంతు మంది ఎప్పుడో ఒకప్పుడు డబ్బు పెట్టి ఆడామన్నారు. అక్కడ ప్రభుత్వ లాటరీ ఉంది, ఇక్కడ లేదు. అందుకని వాళ్ల ప్రశ్నాపత్రం ఆదర్శంగా తీసుకోండి గానీ వాళ్ల శాతంతో మీది పోల్చకండి. ఫీల్డ్ సగం ఐపీఎల్ నడుస్తుండగా, సగం అది ముగిసిన రెండు నెలలకు చేయండి, హాస్టళ్లను కూడా లాటరీతోనే రెండు భాగాలు చేయండి. సీజన్ వల్ల వచ్చే తేడా దానంతటదే బయటపడుతుంది. టైటిల్లో ‘తెలంగాణలో’ అని కాకుండా ‘హైదరాబాద్‌లోని రెండు ప్రాంతాల హాస్టళ్లలో’ అని పెట్టండి. ప్రశ్నాపత్రం డ్రాఫ్ట్ తయారయ్యాక పెడితే డబ్బు, అప్పుల భాగాలు నేను చూసి పెడతాను.